గుర్రానికి ముందే తెలుస్తుంది



వానలు పడని ఏడాది ఊళ్ళో విరాటపర్వం చదివించడం మన పెద్దల ఆనవాయితీ. ఆ కథ మీ అందరికీ తెలిసిందే. పన్నెండేళ్ళ అరణ్యవాసం అయిపోయాక పాండవులకు అంతకన్నా గడ్డు సంవత్సరం ఎదురైంది. ఎవరైనా ఆనవాలు పడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవికే. ఆ ఏడాదిని ఒక్కొక్కరూ ఒక్కో పని పట్టుకుని దాటారు. భీముడు వంటశాలలో, అర్జునుడు నాట్యశాలలో, సహదేవుడు ఆలమందల దగ్గర. నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటరాజు గుర్రపుశాలలో చేరాడు. కీచకుడి సంగతీ, గోగ్రహణమూ గంటలకొద్దీ చెప్పుకుంటాం గాని ఆ గుర్రపుశాల ముచ్చట ఎవరమూ ఎత్తం. నాకు మాత్రం కొన్నేళ్ళుగా విరాటపర్వం అనగానే ముందు నకులుడే మనసులో మెదులుతాడు. రేపు ఏమవుతుందో తెలియని రోజుల్లో, పొద్దున్నే లేచి ఒక గుర్రానికి మాలీసు చేయడంలో మనిషిని నిలబెట్టేది ఏదో ఉంది. అది నేను అనుభవించి చెబుతున్న మాట.

మా అమ్మకు పక్షవాతం వచ్చిన ఏడాది నాకు అట్లాంటి రోజులే. హన్మకొండలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పడం, మిగతా పొద్దంతా మొదట ఆసుపత్రిలో, తర్వాత ఇంట్లో అమ్మ మంచం పక్కన. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి కాబట్టి రిపోర్టులన్నీ అర్ధరాత్రి ఫోన్‌లో చదివి వినిపించాలి. ఫోన్ మోగితే గుండె దడ, మోగకపోయినా దడ. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. తను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. సెలవురోజున గుర్రపుస్వారీ నేర్చుకుంటుంది. "ఈ ఆదివారం అమ్మమ్మ దగ్గర పిన్ని ఉంటుంది. నువ్వు నాతో వస్తున్నావు, అంతే" అని నన్ను వెంటబెట్టుకుపోయింది. అట్లా మొదలైంది. తర్వాత వీలైన ఆదివారాలన్నీ తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కడం, హైదరాబాద్ పడమటి శివార్లలో ఒక ఇసుక మైదానం చేరుకోవడం, రాత్రికి ఇల్లు పట్టడం.

అప్పటిదాకా గుర్రం అంటే నాకు బరాత్‌లో పెళ్ళికొడుకు ఎక్కేది, బొమ్మల్లో రుద్రమదేవి ఎక్కినది. అక్కడ నేర్పింది ఈ రెండూ కాదు, డ్రెస్సాజ్. పరుగు పందెం కాదు, కంచెలు దూకించడమూ కాదు. అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న చదునైన ఇసుక మైదానం. గట్టు చుట్టూ అక్షరాలు రాసిన పలకలు. ఒక అక్షరం దగ్గర నడక మొదలుపెట్టాలి, ఇంకో అక్షరం దగ్గర గుండ్రంగా తిప్పాలి, నడిమధ్యకు వచ్చి నాలుగు కాళ్ళూ సమంగా పెట్టించి నిలపాలి. పోటీల్లో అయితే ఒక్కో కదలికకు సున్నా నుంచి పదిదాకా మార్కులు. దీనిలోని అందమంతా ఒక్కచోటే ఉంది. గుర్రం తనంతట తాను ఆడుతున్నట్టే కనబడాలి. పైనున్న రౌతు ఏ సైగ చేశాడో చూసేవాళ్ళకు అందకూడదు.

నాకు నేర్పినాయన సైన్యంలో అశ్వికదళంలో పనిచేసి రిటైరైన దఫేదారు. అందరూ ఉస్తాద్ అంటారు. నాకు ఇచ్చిన గుర్రం మోతీ. ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తిన గుర్రం, ఎర్రగోధుమ రంగు ఒళ్ళు, నల్లని జూలు. రేసులనుంచి తప్పుకున్న గుర్రాలను మనదేశంలో చాలా స్వారీ బడులు తీసుకుంటాయి. వాటితో ఒక చిక్కు ఉంది. పందెంలో అవి కళ్ళేనికి ఆనుకుని, ఆ బిగువు మీద బలం తీసుకుని పరుగెత్తడం అలవాటు చేసుకుంటాయి. అందుకని మనం భయపడి పగ్గాలు గుంజితే ఆ గుర్రానికి 'ఆగు' అని వినబడదు, 'ఇంకా ఉరుకు' అని వినబడుతుంది. మనం ఇంకా భయపడి ఇంకా గుంజుతాం. అది ఇంకా ఉరుకుతుంది.

"గుంజొద్దమ్మా" అనేవాడు ఉస్తాద్. "భయమైతే చెయ్యి బిగుస్తది. చెయ్యి బిగిస్తే అది ఉరుకుతది. ముందు ఊపిరి వదులు. తర్వాత వేళ్ళు వదులు. అదే ఆగుతది."

పడిపోతానేమో అన్న క్షణాన, చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్ని వదులు చేయమని చెప్పడం ఎంత కష్టమైన మాటో ఆలోచించండి. అమ్మకు జబ్బు చేసిన రోజునుంచి నేను పట్టుకున్నది ఏదీ వదల్లేదు. మందుల చీటీలు, టైముల పట్టిక, బీపీ లెక్కల నోటుబుక్కు. నా పట్టు ఏమాత్రం సడలినా అమ్మ చేయిజారిపోతుందని లోపల గట్టి నమ్మకం. అట్లాంటి మనిషిని నాలుగున్నర క్వింటాళ్ళ జంతువు మీద కూర్చోబెట్టి, వేళ్ళు వదులమ్మా అంటే ఎట్లా ఉంటుంది? కాని గుర్రంతో వాదన పనికిరాదు. ఊపిరి పూర్తిగా వదిలితే నడుం జీనులోకి దిగుతుంది. నడుం దిగితే తొడలు మెత్తబడతాయి. తొడలు మెత్తబడితే మోతీ మెడ కిందికి దించి, చెవులు పక్కలకు వాల్చి, అడుగు నిదానం చేసేది. ఇదంతా ఒకటి రెండు క్షణాల్లో జరిగిపోతుంది. అది కుదిరిన మొదటిసారి, ఎందుకో నాకే తెలియకుండా కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉస్తాద్ చూసీ చూడనట్టు అటు తిరిగాడు.

మన భాషలో రౌతు మీద రెండు సామెతలున్నాయి. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందంటారు. ఈ సామెతతో నాకు పేచీ ఉంది. మెత్తదనానికీ చేతగానితనానికీ తేడా తెలియని చోట పుట్టిన మాట అది. మెత్తని చెయ్యి రావడానికి ఏళ్ళు పడుతుంది, గట్టిగా గుంజడం మొదటి రోజే వస్తుంది. రెండో సామెత, రౌతు కొద్దీ గుర్రం. దీనికి మాత్రం చేతులెత్తి మొక్కుతాను.

ఎందుకంటే గుర్రం దగ్గర దాపరికం నడవదు. వీపు మీద ఈగ వాలినా చర్మం ఆ ఒక్కచోటే వణికించి తోలుకునే ప్రాణి అది. మన పిర్రలు ఏ వైపు ఒరిగాయో, మోకాలు బిగిసిందో లేదో, ఊపిరి ఆగిందో లేదో దానికి మనకన్నా ముందే తెలుస్తుంది. స్వీడన్ దేశంలో శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 2009లో ప్రచురించారు. కొందరు మనుషులను గుర్రాలను నడిపించమన్నారు, కొందరిని స్వారీ చేయమన్నారు. ఒకే దారి, మళ్ళీ మళ్ళీ. చివరిసారి మాత్రం, దారిలో ఈసారి ఉన్నట్టుండి గొడుగు తెరుస్తామని చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గొడుగు సంగతి గుర్రాలకు ఎవరూ చెప్పలేదు. మనిషి తన భయాన్ని పగ్గం మీదుగా, కాళ్ళమీదుగా చెప్పేశాడన్నమాట.

ఇంకో అధ్యయనం అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీది. 2014లో వచ్చింది. ఐదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను వారానికి ఒకసారి గుర్రాల దగ్గరికి తీసుకుపోయి, వాటిని చూసుకోవడం, నడిపించడం, కొంత స్వారీ నేర్పించారు. వాళ్ళ ఉమ్మిలో కార్టిసోల్ కొలిచారు. ఒత్తిడి పెరిగినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను అది. గుర్రాల దగ్గరికి వెళ్ళిన పిల్లల్లో అది తక్కువగా కనబడింది. పరీక్షల కాలంలో మా కాలేజీ పిల్లల ముఖాలు చూసేదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు ఉత్త సైన్సు వార్తలాగా అనిపించలేదు.

అయితే గుర్రం దగ్గరికి పోతే చాలు మనసు చల్లబడుతుందని నేను చెప్పను. నా అనుభవం వేరే. మోతీ నన్ను ఓదార్చలేదు, నాకు పని చెప్పింది. ఎడమ మడమ కిందికి, కుడి భుజం వెనక్కి, చూపు ముందుకు. చూపు నేలమీద పడితే తల బరువు ముందుకు ఒరుగుతుంది, గుర్రం తడబడుతుంది. గుండ్రంగా తిప్పుతున్నప్పుడు లోపలి కాలు అడగాలి, బయటి పగ్గం ఆపాలి. ఇవన్నీ ఒకేసారి చేస్తూ, ఈలోగా రేపటి స్కానింగ్ గురించి ఆలోచించడం మనిషికి సాధ్యం కాదు. మనసును ఖాళీ చేసుకోమని చాలామంది చెప్పారు నాకు. ఎట్లాగో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ దాన్ని ఖాళీ చేసుకునే పనే లేదు, చోటంతా గుర్రమే నింపేస్తుంది.

ఇక లయ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తే. గుర్రం మామూలు నడకలో నాలుగు గిట్టలూ విడివిడిగా పడతాయి, అది చతురశ్రం. ఉస్తాద్ దుల్కీ అనే నడకలో ఐమూలగా ఉన్న కాళ్ళు జంటగా పడతాయి, రెండే దెబ్బలు. దౌడు అందుకునే ముందు మూడు దెబ్బల నడక ఉంది, అచ్చంగా తిశ్రం. భయపడ్డప్పుడు పైకి లెక్కపెట్టమనేవాడాయన. నోరు తెరిచి లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టలేం కదా. చిన్నప్పుడు నేర్చి మరిచిపోయిన తకధిమి, తకిట ఆ ఇసుకలో మళ్ళీ నా నోటికొచ్చాయి. మన పాతవాళ్ళు ఈ నడకలను ఎంత శ్రద్ధగా చూశారంటే, అమరకోశం గుర్రం గతులను ఐదు ధారలుగా విడదీసి పేర్లు పెట్టింది. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసమని గుర్రాల మీదే ఒక కావ్యం రాశాడు.

ఈ మాట మన ఓరుగల్లుకు ఇంకా దగ్గరగా వస్తుంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి దగ్గర జాయపసేనాని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. ఆ జాయపే 13వ శతాబ్దం నడిమిలో నృత్తరత్నావళి రాశాడు. నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు ఆధారం చేసుకున్న గ్రంథాల్లో అది ముఖ్యమైనది. సేనాని నాట్యశాస్త్రం రాయడమేమిటని చదువుకునే రోజుల్లో వింతగా ఉండేది నాకు. ఇప్పుడు వింత లేదు. ఏనుగు అడుగు ఎప్పుడు బరువవుతుందో, ఎప్పుడు తేలికవుతుందో ఏళ్ళతరబడి చూసిన కన్ను, మనిషి అడుగును కూడా అంతే నిశితంగా చూసి ఉంటుంది. ఇది నా ఊహే, శాసనం కాదు. కాని ఎక్కడో గ్రీకు దేశంలో క్రీస్తుకు నాలుగు వందల ఏళ్ళకు పైగా ముందు పుట్టిన జెనొఫోన్ అనే సైనికుడు గుర్రపుస్వారీ మీద పుస్తకం రాస్తూ, బలవంతంగా చేయించిన దాంట్లో అందం ఉండదని చెప్పడానికి కొరడా దెబ్బలు తినే నర్తకుడినే పోలికగా తెచ్చాడు. సైనికులకు నాట్యం గుర్తుకు రావడం కాకతాళీయం కాదనే నా నమ్మకం.

కాకతీయుల గుర్రాల చరిత్రలో మాత్రం మనకు ఎక్కువగా మిగిలింది అంకెలే. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు ఇచ్చుకున్న సంపదలో 7,000 గుర్రాలున్నాయని చరిత్రకారుడు బరనీ రాశాడు. గుర్రాలు ఓడల్లో అరేబియా వైపునుంచి దక్షిణాదికి వచ్చేవి. తమిళ తీరానికి ఏటా వేలకొద్దీ గుర్రాలు దిగుతున్నా, వాటిని సాకడం తెలిసినవాళ్ళు లేక ఎక్కువ భాగం చచ్చిపోతున్నాయని మార్కో పోలో బాధపడ్డాడు. గుర్రాన్ని కొనడానికి డబ్బు చాలు, దాన్ని బతికించుకోవడానికి చెయ్యి కావాలి. ఆ చేతులవాళ్ళు, దాణా కలిపినవాళ్ళు, గిట్టలు చూసినవాళ్ళు, వాళ్ళ పేర్లు మనకు దక్కలేదు. కోటలో తోరణాల మధ్య నడిచినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు.

చెయ్యి అన్నాను కదా. మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి. అమ్మకు కుడిపక్క పడిపోయింది. రోజూ భుజం, మోచెయ్యి, వేళ్ళు మెల్లగా ఆడించాలి. మంచంమీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. పడిపోతుందేమోనని నేను గట్టిగా పట్టుకునేదాన్ని, ఆమె ఇంకా బిగుసుకునేది. కొన్ని నెలలు గుర్రం మీద గడిపాక, ఎవరూ చెప్పకుండానే నా చేతులు మారాయి. ముందు నేను ఊపిరి వదిలేదాన్ని. ఆమె మోచెయ్యి కింద అరచెయ్యి ఉంచి, లాగకుండా, ఆమె బరువు నా చేతిలోకి వచ్చేదాకా ఆగేదాన్ని. ఆమెనే మొదలుపెట్టనిచ్చేదాన్ని. ఒక పొద్దున అమ్మ, అప్పటికింకా మాట ముద్దగానే ఉంది, "ఇయ్యాల నీ చెయ్యి మెత్తగున్నది బిడ్డా" అన్నది. టీచరుగా నాకు చాలా సన్మానాలు జరిగాయి. వాటిలో ఏదీ ఆ మాటకు సరిరాదు.

నేను నేర్చుకున్నది పెద్ద విద్య కాదు. నడక, దుల్కీ, కొద్దిపాటి మూడు దెబ్బల నడక, అంతవరకే. అయినా ఈ విద్య మనుషులను ఎంతదూరం తీసుకుపోగలదో లిస్ హార్టెల్ కథ చదివితే తెలుస్తుంది. డెన్మార్క్ ఆవిడ. 1944లో, రెండో బిడ్డ కడుపులో ఉండగా పోలియో వచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆవిడకు మాత్రం మోకాళ్ళ కింద కాళ్ళు ఎన్నటికీ పనిచేయలేదు. గుర్రం ఎక్కించాలన్నా దించాలన్నా ఇంకొకరు సాయం పట్టాలి. ఆ కాలంలో ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ మగవాళ్ళకే పరిమితం. 1952లో హెల్సింకిలో మొదటిసారి ఆడవాళ్ళకు తలుపు తెరిస్తే, హార్టెల్ తన జూబిలీ అనే ఆడగుర్రం మీద వెండి పతకం గెలిచింది. 1956లో మళ్ళీ వెండి. కాళ్ళతో చెప్పలేని మాటను నడుంతో, ఊపిరితో చెప్పడం నేర్చుకుంది, జూబిలీ వినడం నేర్చుకుంది. వైకల్యం ఉన్న పిల్లలకు గుర్రాల ద్వారా చికిత్స అనే ఆలోచన యూరప్‌లో ఊపందుకోవడానికి ఆవిడ గెలుపు పెద్ద కారణం.

మనవాళ్ళు కూడా వెనకబడిలేరు. 2023 సెప్టెంబర్ 26న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వాలా కలిసి డ్రెస్సాజ్ జట్టు పోటీలో బంగారు పతకం తెచ్చారు. గుర్రపుస్వారీలో మనకు 41 ఏళ్ళ తర్వాత వచ్చిన బంగారం అది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ బరిలో దిగిన మొదటి భారతీయుడు అనూష్. ఈ ఆటలో ఆడా మగా ఒకే పోటీలో, ఒకే కొలతతో తలపడతారు. కండబలం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు కాబట్టి అది కుదురుతుంది.

ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చట కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. గుర్రాన్ని సాకడం ఖర్చుతో కూడుకున్నదే, నేర్చుకోవడం కూడా కొంత అంతే. అందుకే నా కోరిక వేరు. హైదరాబాద్‌లో పోలీసు శాఖకు అశ్వికదళం ఉంది. జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్‌లకు స్వారీ నేర్పుతారు. విద్య తెలిసిన ఉస్తాదులు మన రాష్ట్రంలోనే ఉన్నారు. ఓరుగల్లులాంటి ఊళ్ళో, మాటరాని పిల్లలకు, కాలుచెయ్యి సరిగా ఆడని పిల్లలకు, వాళ్ళను చూసుకుంటూ సొంత ఒంటిని మరిచిపోయిన తల్లులకు, నాలుగు నిదానమైన గుర్రాలూ ఒక చదునైన మైదానమూ అందుబాటులో పెట్టడం ప్రభుత్వానికి మోయలేని బరువు కాదు. రుద్రమదేవి ఏలిన ఊరిలో గుర్రం బొమ్మల్లోనూ బరాత్‌లోనూ మాత్రమే మిగలడం నాకు నచ్చడం లేదు.

చివరగా, ఎవరికైనా గుర్రం దగ్గరికి వెళ్ళే వీలు దొరికితే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. నడుంనొప్పి, ఎముకల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగందే ఎక్కవద్దు. హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కవద్దు. గుర్రానికి దాదాపు చుట్టూ కనబడుతుంది గాని, సరిగ్గా తోక వెనకా, నుదురుకు ఎదురుగా కనబడదు. కాబట్టి వెనకనుంచి పోకండి, ఎడమ భుజం పక్కగా, మాట్లాడుతూ వెళ్ళండి. ముందు ముఖం మీద చెయ్యి పెట్టకండి, మెడ కింద, భుజం మీద నిమరండి. నేర్చుకోవడానికి చోటు వెతుక్కునేటప్పుడు ఫీజు సంగతి అడగడానికి ముందే లాయంలోకి వెళ్ళి చూడండి. తొట్టిలో శుభ్రమైన నీళ్ళున్నాయా, కింద పొడిగా ఉందా, గిట్టలు ఎవరైనా చూస్తున్నారా. జీను పడేచోట పుండ్లు గాని, నోటి మూలల్లో పగుళ్ళు గాని కనబడితే, ఎంత చవకగా నేర్పుతామన్నా అక్కడ చేరకండి.